మూడు సెంట్ల స్థలం, తెరవని ఉత్తరం

పోయిన చలికాలం మా నోళ్ల వెంట ఆవిరి వచ్చేది సహోదరులారా, వీధిలో కాదు, మా వంటగదిలోనే! మా పాప జాయ్‌కి అప్పుడు మూడేళ్లు. తాను ఊదిన ఆవిరిని చూసుకుని "మమ్మీ, ఐ యామ్ ఎ కెటిల్" అని నవ్వేది, నవ్వుతూ నవ్వుతూనే దగ్గులో పడిపోయేది, ఆ దగ్గు వింటూ నేను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకునేదాన్ని, ఎందుకంటే ఆ చలి నా చేతుల మీదుగానే మా ఇంట్లోకి వచ్చిందని నాకు తెలుసు.

నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు, నేను నలుగురిలో నోరు విప్పలేను. లీసెస్టర్‌లో ఈ సంఘానికి వస్తున్న నాలుగేళ్లూ చివరి వరుసలో కూర్చుని, ఆమెన్ కూడా లోపలే అనుకుని వెళ్లిపోయాను. చెప్పుకోవలసినవన్నీ డైరీలో రాసుకుంటాను. ఈ సాక్ష్యం కూడా అందులోంచి చూసి రాసుకొచ్చిందే, చూసి చదువుతున్నందుకు క్షమించండి.

నేను కేర్ హోమ్‌లో, మా ఆయన వేర్‌హౌస్‌లో పనిచేస్తూ అయిదేళ్లు కూడబెట్టి, మిగతాది మార్ట్‌గేజ్ అప్పు తీసుకుని, రెండు లక్షల నలభై వేల పౌండ్లకు వరుసగా ఆనుకుని కట్టిన ఇళ్లలో ఒక పాత టెర్రస్ ఇల్లు బేరం చేసుకున్నాం. ఆ ఇంట్లో గదులన్నిటినీ వెచ్చబెట్టే బాయిలర్ పాడైపోయిందని ముందే తెలుసు, అందుకే కొత్త బాయిలర్ కోసం డబ్బు విడిగా దాచాం. అప్పుడు ఇంటి కాగితాలు చూసే లాయర్లు, సొలిసిటర్ల ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. అందులో ఒక ప్రశ్న, ప్రపంచంలో ఎక్కడైనా మీ పేరున ఆస్తి ఉందా అని. నా పెన్ను అక్కడ ఆగిపోయింది. నేను నర్సింగ్ పాసైన ఏడాది మా అమ్మ చీటీ పాడిన డబ్బుతో మా ఊరి చివర మూడు సెంట్ల స్థలం కొని నా పేరున రిజిస్టర్ చేయించింది, ఆడపిల్ల పేరున ఏదో ఒకటి ఉండాలని మనవైపు పట్టుదల కదా! మన సంఘంలోని మార్తమ్మ ఆంటీకి చెబితే, "ఇక్కణ్ణుంచి ఎవరెళ్లి చూస్తార్లే అమ్మాయ్, లేదని కొట్టెయ్" అన్నారు. నా మనస్సాక్షి ఒప్పుకోలేదు, ఉందని టిక్ పెట్టాను.

ఆ ప్రశ్న కింద వివరాలు రాయడానికి పెద్ద గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేశాను. ఏం రాయాలో ఫోన్ చేసి అడగమని మా ఆయన రెండుసార్లు చెప్పారు. కేర్ హోమ్‌లో పెద్దవాళ్లతో రోజంతా మాట్లాడతాను గానీ, ఆఫీసువాళ్లకు ఫోన్ చేయాలంటే నాకు నోరు రాదు, రేపు చేస్తాననుకుంటూ ఫారం పంపేశాను.

తాళాలు చేతికి రావడానికి వారం ముందు సొలిసిటర్ల నుంచి లెక్క వచ్చింది. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు ఉండే పన్ను మినహాయింపు మీకు వర్తించదు, స్టాంప్ డ్యూటీ రెండు వేల మూడు వందల పౌండ్లు కట్టాలని అందులో ఉంది. బాయిలర్ డబ్బు అలా వెళ్లిపోయింది. "ఆ మూడు సెంట్లలో సర్కారు తుమ్మ తప్ప ఏముందని రాశావు శాంతీ?" అన్నారు మా ఆయన. ఒక్కసారే అన్నారు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు, ఎత్తకపోవడమే నాకు ఎక్కువ కష్టమైంది. మార్తమ్మ ఆంటీ మాత్రం నవ్వుతూనే, "నీ నిజం రెండు వేల మూడొందలు పలికిందే" అన్నారు.

నవంబరులో ఆ ఇంట్లో చేరాం. రెండు ఎలక్ట్రిక్ హీటర్లు, గోడల నిండా చెమ్మ. జీపీ డాక్టరు పాపకు ఇన్‌హేలర్ రాసిచ్చి, గది వెచ్చగా ఉంచమని మరీ మరీ చెప్పారు. మా ఆయన అదనపు షిఫ్టులు ఒప్పుకున్నారు, ఇంటికి వచ్చాక మాటలు తగ్గిపోయాయి, పెళ్లైన నాటినుంచి మానని కుటుంబ ప్రార్థన కూడా ఆగిపోయింది. నేనొక్కదాన్నే మోకరించి, "ప్రభువా, నేను నిజమే చెప్పాను కదా, మరి నా బిడ్డ ఎందుకు దగ్గుతోంది?" అని అడిగేదాన్ని. డైరీలో ఆ పేజీలన్నీ అవే మాటలు.

ఫిబ్రవరిలో సొలిసిటర్ల నుంచి ఉత్తరం వచ్చింది. ఇంకా ఏదో కట్టమంటున్నారనుకుని దాన్ని తెరవకుండా డైరీలో దాచేశాను. ఒక రాజు తనను బెదిరిస్తూ వచ్చిన ఉత్తరాన్ని దేవుని సన్నిధిలో పరిచాడని చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నాను, నేనూ అలాగే నాలుగు రోజులు ఆ కవరును మంచం మీద పరిచి, "ప్రభువా, ఇందులో ఏముందో నాకు చూసే ధైర్యం లేదు, నువ్వే చూడు" అని ఏడ్చాను. అయిదో రోజు మా ఆయన గదిలోకి వచ్చి చూశారు. కోప్పడతారనుకున్నాను. ఆయన నా పక్కనే మోకరించారు. "ఆ రాజు చదివాకే పరిచాడు శాంతీ, మనమూ చదువుదాం" అన్నారు.

కవరు చింపాం. ఫైలు మూసేముందు వాళ్ల ఆఫీసులో మరొకరు పరిశీలించారట. మీ స్థలంలో ఎప్పుడైనా ఇల్లు ఉండేదా, లేకపోతే ఖాళీ స్థలం లెక్కలోకి రాదు, మీరు కట్టిన పన్ను తిరిగి వస్తుంది, వెంటనే ఫోన్ చేయండి అని రాసి ఉంది! నేను నాలుగు రోజులు భయపడి దాచింది నా విడుదలనే సహోదరులారా!

ఫోన్ మా ఆయనకు ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు. "నిజం మొదలుపెట్టింది నువ్వే కదా, నువ్వే పూర్తి చెయ్" అన్నారు. "ప్రభువా, నా నోరు తెరువు" అని ఒక్క మాట ప్రార్థించి నంబరు నొక్కాను. అటువైపు ఒకావిడ ఆ స్థలంలో ఏముందని నెమ్మదిగా అడిగింది. ముళ్లచెట్లు అన్నాను. ఇంకేమైనా ఉన్నాయా అంది. మేకలు అన్నాను. ఆవిడ గట్టిగా నవ్వింది, పక్కన మా ఆయన కూడా నవ్వారు, ఎన్ని నెలలకు విన్నానో ఆ నవ్వు! అమ్మ దస్తావేజుల ఫోటోలు వాట్సాప్‌లో పంపింది, స్థలం ఫోటోలో నిజంగానే రెండు మేకలు ఉన్నాయి. సొలిసిటర్లు పన్ను కాగితాలు సరిదిద్ది పంపారు, ఆరు వారాలకు రెండు వేల మూడు వందల పౌండ్లూ మా ఖాతాలోకి తిరిగి వచ్చాయి. ఏప్రిల్‌లో బాయిలర్ బిగించారు, ఇక్కడి ఏప్రిల్ ఎంత చల్లగా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఆ సాయంత్రం మా ఆయనే ప్రార్థన మొదలుపెట్టారు. జాయ్ గోడకున్న వెచ్చని రేడియేటర్‌కు వీపు ఆనించి నిద్రపోయింది, దగ్గలేదు. దేవునికే మహిమ!

నేను నిజం చెప్పాననుకుని దేవుణ్ణి నిలదీశాను గానీ, భయంతో సగమే చెప్పాను, మిగతా సగం ఆ ఖాళీ గడిలో ఉండిపోయింది. ఆయన నాకు డబ్బే కాదు, నా భర్త నవ్వును, నా గొంతును కూడా తిరిగి ఇచ్చాడు. మార్తమ్మ ఆంటీ ఇదిగో ముందు వరుసలోనే ఉన్నారు, నా నిజం ఇప్పుడెంత పలికిందో ఆవిణ్ణే అడగండి.

మీలో ఎవరింట్లోనైనా భయంతో తెరవని ఉత్తరం ఉంటే, అది ఆసుపత్రిదైనా, బ్యాంకుదైనా, వీసాలు చూసే హోమ్ ఆఫీసుదైనా, ఈ రోజే దేవుని ముందు పరచండి, పరిచి తెరవండి, అందులో ఏమున్నా ఆయన మీ పక్కనే మోకరించి ఉంటాడు. నన్ను ఇక్కడిదాకా నడిపించిన నా తండ్రికి వందనాలు. ఈసారి లోపల కాదు, పైకే అంటున్నాను. ఆమెన్.