అచ్యుతరామయ్య వదిలేసిన మూల

జూబ్లీహిల్స్‌లో ఒక ఇంటి మేడ మీద బుద్ధిపూర్వకంగా ఖాళీగా ఉంచిన మూలను, కట్టినవాడి పొరపాటని పేరుపెట్టి ఇప్పుడు మూసేస్తున్నారు. పొరపాటు చేశాడంటున్న మనిషి సమాధానం చెప్పుకోవడానికి లేడు. ఆయన పోయి ఏడాది తిరగకముందే అక్కడ సెంట్రింగ్ కర్రలు లేచాయి. ఇది అన్యాయం.

ఆయన పేరు అచ్యుతరామయ్య. వృత్తి ఇళ్లకు ప్లాన్లు గీయడం. ఆయనకున్న జబ్బు ఒక్కటే: ఏ ఇంటినీ నిండుగా కట్టనిచ్చేవారు కాదు.

కింది అంతస్తు కళ్లకద్దుకునేలా ఉండేది. నడిమధ్య ఆకాశం కనిపించే ముంగిలి, కొండరాయిని పగలగొట్టకుండా దాని చుట్టూ అల్లిన హాలు, మెట్ల మీద గాజు కప్పు, వంటగది కిటికీలోంచి చెయ్యి చాపితే అందే సీతాఫలం కొమ్మ. పగటిపూట స్విచ్చు నొక్కవలసిన అవసరం ఆ ఇళ్లలో ఎవరికీ కలగలేదు. పై అంతస్తుకు వచ్చేసరికి మాత్రం వెనకవైపు ఒక మూల మాయమయ్యేది, ఎవరో దోసెను ఒక పక్క తుంచుకుని తినేసినట్లు. ఫిల్మ్‌నగర్ వాలు పొడవునా ఆయన కట్టిన వాటిని మేస్త్రీలు 'కొరికిన ఇళ్లు' అనేవారు.

ఎందుకు వదిలారని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కొక్క కారణం చెప్పేవారు. ఒక ఫైనాన్షియరు నిలదీస్తే, "నిండిపోయిన ఇంట్లో లక్ష్మీదేవి ఎక్కడ కూర్చుంటుందండీ?" అన్నారు. ఫైనాన్షియరు అక్కడికక్కడే చెంపలు వేసుకున్నాడు. తండ్రి పాత్రలు వేసే జగదీశ్ అడిగితే, "మీ ఎడమ చెంపకు వెలుగు అందాలంటే అక్కడ గోడ ఉండకూడదు" అన్నారు. ఆనాటి నుంచి జగదీశ్ వచ్చినవారందరికీ ఎడమ చెంపే చూపించి, చివరికి మెడ పట్టేసి ఆసుపత్రి పాలయ్యాడు. అక్కడి డాక్టరు సొంత ఇల్లు కట్టుకుంటున్నాడని తెలిసి, అచ్యుతరామయ్యగారు పరామర్శకు వెళ్లి ఇంకో మూల కొరికి వచ్చారు.

ఇప్పుడు మూతపడుతున్న మూల సినిమా పంపిణీదారు సుబ్రహ్మణ్యంగారిది. ఇరవై ఏళ్ల కిందట భూమిపూజ నాడు ఆయన, భార్య శారదాదేవి కొబ్బరికాయలతో, పురోహితుడితో స్థలానికి వచ్చేసరికి ఆర్కిటెక్టు లేరు. వెతగ్గా, వాలు దిగువన ఒక రేకుల ఇంటి పక్కనున్న చిన్న డాబా మీద కనిపించారు. స్టూలు మీద కూర్చుని, గ్లాసు చేతబట్టుకుని టీ ఊదుకుంటున్నారు.

"ఏమండీ, మన స్థలం ఇటు!" అని సుబ్రహ్మణ్యంగారు పైనుంచి కేక వేశారు.

"తెలుసండీ! ఇక్కణ్ణుంచే బాగా కనిపిస్తోంది!"

"ముహూర్తం దాటిపోతోందండీ!"

"టీ చల్లారిపోతుందండీ!"

మనిషికి టీ పిచ్చి ఉందని శారదాదేవి ఆనాడే నిర్ధారించుకుంది. కాలనీలో అందరికీ తెలిసిన సంగతే అది. ప్లాను గీయడానికి ముందు ఆయన స్థలం చూసేవారు కాదు, వెనక ఇంటికి వెళ్లి టీ తాగేవారు.

ప్లాను చేతికొచ్చింది. మేడ మీద వెనకవైపు తూర్పు మూల లేదు. సుబ్రహ్మణ్యంగారికి ఆ చోట సొంత థియేటరు కట్టుకోవాలని ఉండేది.

"ఏమండీ అచ్యుతరామయ్యగారూ, నా మూల ఏదండీ?"

"అది మీది కాదండీ, నెమలిది."

"నెమలా?"

"పక్కనున్న పార్కులోంచి నెమళ్లు ఎగిరొస్తాయి. ఊరికే దిగుతాయా మరి? విమానంలాగా వాటికీ చోటు కావాలి. ఈ వీధిలో నెమలి దిగే ఇల్లు ఎవరికుందో చెప్పండి."

ఎవరికీ లేదు. ఆ ఒక్క మాటకు సుబ్రహ్మణ్యంగారు పడిపోయి ప్లాను మీద సంతకం పెట్టేశారు. ఇల్లు లేచాక రోజూ ఉదయం ఆ మూలలో స్వయంగా జొన్నలు చల్లేవారు. పావురాలు వచ్చి తిని, బలిసి, అక్కడే కాపురం పెట్టాయి. "ఇవాళైనా వచ్చిందాండీ?" అని అచ్యుతరామయ్యగారు ఫోను చేసేవారు. "రాలేదండీ." "జొన్నలు మార్చి చూడండి." మరుసటి వారం సజ్జలు. ఆపైన కొర్రలు. ఆ ఇంట్లో మనుషులు చిరుధాన్యాలు మొదలుపెట్టడానికి చాలాముందే పావురాలు అలవాటు పడ్డాయి.

ఆనాటి ప్లాను, దాని మీద సుబ్రహ్మణ్యంగారి సంతకం నేటికీ భద్రంగా ఉన్నాయి. మూల సంగతి తనకు తెలియదనడానికి ఆయనకు వీలు లేదు.

అచ్యుతరామయ్యగారు నిరుటి చలికాలంలో పోయారు. సంతాపసభలో ఒక పెద్దమనిషి, "మహానుభావుడికి లెక్క ఎప్పుడూ ఒక మూల తక్కువే" అన్నాడు. అందరూ నవ్వారు. శారదాదేవి కూడా నవ్వింది.

ఆ తర్వాత సుబ్రహ్మణ్యంగారు స్ఫూర్తి అనే డిజైనరును పిలిపించారు. ఆ అమ్మాయి ఖాళీ మూలను చూసి జాలిపడింది.

"అంకుల్, ఇంత స్పేస్ వేస్ట్ చేశారేంటి? థియేటర్ కట్టేద్దాం. సీలింగ్‌లో ఎల్ఈడీ స్కైలైట్ పెడతాను. అచ్చం ఆకాశం చూస్తున్నట్టే ఉంటుంది, నేచర్ ఫీల్!"

"ఇప్పుడక్కడ ఉన్నది ఆకాశమే కదమ్మా?" అంది శారదాదేవి.

"కానీ ఆంటీ, దానికి రిమోట్ ఉండదు కదా."

కర్రలు లేచిన నాలుగో రోజున, దిగువ డాబా మనిషి దేవమ్మ గేటు దగ్గరికి వచ్చింది. సినిమా కంపెనీల డ్రెస్సులు ఉతికి ఆరబెట్టి పంపడం ఆమె పని.

"అమ్మా, గా చాయ్ సారు వస్తలేడా? మూల మూస్తున్నరు, సారుకు ఎరుకేనా?"

"ఆయన పోయారు దేవమ్మా. ఏడాది కావస్తోంది."

దేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గందుకే మరి. సారుంటే మూయనిస్తుండెనా?"

"ఆ మూలతో నీకేం పని?"

"నా బువ్వే గా మూల మీదున్నదమ్మా. మీ ఇల్లు లేవకముందు సారు మా డాబా మీదికొచ్చిండు. చాయ్ తాగుకుంట ఒక్కటే అడుగుడు. బట్టలు ఏడ ఆరేస్తవ్, చలికాలం పొద్దుగాల ఎండ ఎటుకెల్లి వస్తది అని. పోయేటప్పుడు, ఇల్లు లేస్తది గానీ నీ ఎండ ఆగది దేవమ్మా, పూచీ నాది అన్నడు. ఇన్నేండ్లు ఆగలే."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"గదే అడిగిన. నవ్విండు. నిజం చెప్తే వాళ్లకు మంచోళ్లు కాక తప్పది, ఇల్లు కట్టుకునేటోళ్లకు అప్పటికే శానా ఖర్చు, మీద గిదొకటా అన్నడు."

శారదాదేవి చెప్పులు వేసుకుని దేవమ్మ వెంట వాలు దిగింది. ఇన్నేళ్లలో ఆమె తన ఇంటిని వెనకనుంచి చూడటం అదే మొదలు. డాబా మీద పోలీసు యూనిఫాంలు, మహారాణి లంగాలు వరుసగా వేలాడుతున్నాయి. ఒక చివర యమధర్మరాజుగారి మందపాటి మఖమలు అంగీ నీళ్లు కారుతోంది. పైనున్న సెంట్రింగ్ చెక్కల నీడ సరిగ్గా దాని మీద పడింది.

"రేపు షూటింగుందట. తడి అంగీ పంపిస్తే వాసనొస్తదని పని వేరేటోళ్లకిస్తరు. ఇంక రెండు పూటలు గిట్లనే అయితే నాకు బేరం పోయినట్టే అమ్మా."

శారదాదేవి తలెత్తి వాలు పొడవునా చూసింది. జగదీశ్ ఇల్లు, ఫైనాన్షియరు ఇల్లు, డాక్టరు ఇల్లు. ప్రతి కొరుకుడు కిందా ఒక ఎండ ముక్క. ఒకచోట అప్పడాలు, ఇంకోచోట నులకమంచం మీద వీపు కాచుకుంటున్న ముసలాయన. కొన్ని మూలలు ఇప్పటికే మూతపడ్డాయి. వాటి కింది ఇళ్లలో పట్టపగలు ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. అచ్యుతరామయ్యగారిని చూసి ఎంత నవ్వుకున్నాం అని ఆమెకు సిగ్గేసింది. ఎడమ చెంప మాట గుర్తొచ్చి, అంతలోనే నవ్వూ వచ్చింది.

ఆ సాయంత్రం సంగతంతా విని సుబ్రహ్మణ్యంగారు కుర్చీలోంచి లేచారు.

"అంటే ఇరవై ఏళ్లు నాకు అబద్ధం చెప్పాడా? నెమలి అన్నాడు కదే!"

"నెమలికైతే మీరు మూల వదిలారు. దేవమ్మకైతే వదిలేవారా?"

"అడిగి ఉంటే..." అంటూ మళ్లీ కుర్చీలో కూలబడ్డారాయన.

అక్కడే ఉన్న స్ఫూర్తి మెల్లగా, "అంకుల్, శుక్రవారం స్లాబ్. కాంక్రీట్ లారీ వచ్చేస్తుంది" అని గుర్తుచేసింది.

"చూద్దాం" అన్నారు సుబ్రహ్మణ్యంగారు. పంపిణీదారు నోట ఆ మాటకు అర్థమేమిటో కృష్ణానగర్‌లో సినిమా కథలు పట్టుకు తిరిగేవారందరికీ తెలుసు.

చూద్దామంటే చాలదు, సుబ్రహ్మణ్యంగారూ! రాని పక్షికి అంతకాలం చోటు ఉంచగలిగిన ఉదారులు మీరు. ఉన్న మనిషికి ఉంచలేరా? స్ఫూర్తిగారూ, అచ్చం ఆకాశంలా ఉండే దీపాన్ని మీరు ఇంకెక్కడైనా పెట్టుకోవచ్చు. అసలు ఆకాశానికి మాత్రం అడ్డుపెట్టకండి. వాలు మీది తక్కిన యజమానులారా, మీ మూలలు కూడా మీకు చెప్పిన కారణాలకు వదిలినవి కావు. వాటి జోలికి పోకండి. యమధర్మరాజును తడి అంగీతో సెట్టుకు పంపిన పాపం ఎవరూ మూటగట్టుకోవద్దు. శుక్రవారం లారీని ఆపండి, ఆ కర్రలు దింపించండి.