సాక్ష్యం చెప్పాక తిరిగొచ్చిన దగ్గు

ఆ డిసెంబరులో మా ఆయన పాట మధ్యలో ఆగిపోయారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు విశ్వాసులం క్రిస్మస్‌కి ముందు క్వార్టర్ క్వార్టర్‌కీ తిరిగి పాటలు పాడతాం. డోలక్ ఆయనదే, పై గొంతూ ఆయనదే. ఆ సాయంత్రం ఎవరి వరండాలోనో రెండో చరణం ఎత్తుకోబోయి దగ్గడం మొదలుపెట్టారు. దగ్గి దగ్గి గోడ పట్టుకున్నారు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుంటుంటే చూశాను, ఎర్రగా ఉంది. "ఏటైంది?" అన్నాను. "కిళ్ళీ మరక" అన్నారు. ఆయన పుట్టి బుద్ధెరిగి కిళ్ళీ నమలలేదు.

ఆయన పేరు దానియేలు, వ్యాగన్ షెడ్‌లో ఫిట్టర్. మామగారు విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో చేరారు. నా పేరు సుగుణ. నాకు నోరు కాస్త ఎక్కువ, ఆ సంగతి మా అత్త పెళ్ళి పందిట్లోనే కనిపెట్టేసింది. ఆ రోజు మాత్రం కిళ్ళీ మాట నమ్మినట్టే ఇంటికి తీసుకొచ్చాను. కొన్నాళ్ళుగా పొద్దు వాలేసరికి ఆయన ఒళ్ళు వెచ్చబడుతోంది, ప్యాంటు నడుం దగ్గర జారుతోంది. షెడ్‌లో దుమ్మూ డ్యూటీలూ అనుకుని ఊరుకున్నాం.

మర్నాడు హాస్పిటల్‌కి లాక్కెళ్ళాను. ఎక్స్‌రే తీశారు, రక్తం తీసి ఈఎస్ఆర్ అన్నారు, కఫం డబ్బీలో పట్టి స్ప్యూటం టెస్ట్‌కి పంపారు. డాక్టరుగారు బెంగాలీ ఆయన. ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి ఎత్తి "క్యావిటీ హై" అన్నారు. అంటే ఊపిరితిత్తిలో గుంట పడిందట. "టీబీ హై. ఠీక్ హో జాయేగా, లేకిన్ దవా బంద్ నహీ కర్నా." తగ్గిపోతుంది గానీ మందు ఆపకూడదన్న ఆ మాట మేం తలుపు దాటేదాకా చెబుతూనే ఉన్నారు. "కొన్నాళ్ళకి బాగైపోయాననిపిస్తుంది. ఇంప్రూవ్‌మెంట్ వేరు, క్యూర్ వేరు. అక్కడే అందరూ దెబ్బతింటారు" అని కూడా అన్నారు.

ఆయన్ని సిక్‌లో పెట్టారు. రైల్వే వాళ్ళకిది బాగా తెలిసిన పద్ధతే. డాక్టర్ సిక్ అని రాస్తే డ్యూటీ లేదు. మళ్ళీ ఆ డాక్టరే ఫిట్ అని రాసిస్తే తప్ప షెడ్‌లో అడుగు పెట్టనివ్వరు.

ఇంట్లో భయం మొదలైంది. మా పాప ఎస్తేరుకి ఇంకా బడి వయసు రాలేదు. నాన్న కంచంలో ముద్ద తింటే గాని దానికి అన్నం సహించదు. ఆయన కంచం, గ్లాసు విడిగా పెట్టాను. పాప ఆయన వైపు వెళ్ళినప్పుడల్లా లాగేసేదాన్ని. అది ఏడిస్తే ఆయన మొహం గోడకి తిప్పుకునేవారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షను, గుప్పెడు మాత్రలు. పరగడుపున వేసుకునే రిఫాంపిసిన్‌తో ఒంటేలు ఎర్రగా వస్తుంటే అదీ రక్తమేనని మా అత్త శోకాలు పెట్టింది. అది మందు రంగని హాస్పిటల్ సిస్టరమ్మ చెప్పేదాకా నేనూ అదే అనుకున్నాను.

ఎండాకాలం వచ్చేసరికి జ్వరం పోయింది, దగ్గు పోయింది, బుగ్గలు నిండాయి. లైట్ డ్యూటీకి ఫిట్ ఇచ్చి స్టోర్‌లో కూర్చోబెట్టారు. మందులు మాత్రం సాగాలన్నారు.

అర్పా నది అవతల సర్కండాలో పౌలన్న అని సంఘంలో పెద్ద ఉండేవాడు. రిటైరైన గ్యాంగ్‌మన్, గంటలకొద్దీ మోకాళ్ళ మీద ప్రార్థించే మనిషి. వాళ్ళింట్లో ఉపవాస ప్రార్థనకి వెళ్ళాం. పౌలన్న ఈయన తల మీద చెయ్యి పెట్టి కన్నీళ్ళతో ప్రార్థించి, "దేవుడు నిన్ను ముట్టీసాడు దానియేలూ. ఆదివారం సాక్ష్యం చెప్పీ" అన్నాడు. మాలో అది ఆనవాయితీ. దేవుడు మేలు చేశాడంటే సంఘం ముందు లేచి చెప్పాలి, దాచుకుంటే తప్పంటారు. ఈయన ఆదివారం లేచి, "నాకు పూర్తిగా స్వస్థత కలిగింది" అని చెప్పారు. చప్పట్లు, స్తోత్రాలు. నేనూ ఏడ్చాను, సంతోషంతోనే.

సోమవారం పొద్దున్న మాత్రలు, నీళ్ళు ఇస్తే ఆయన చెయ్యి చాపలేదు.

"సాక్ష్యం చెప్పీసేక మాత్ర మింగితే ఏటన్నట్టు? దేవుడు చెయ్యలేదన్నట్టు కాదేటి?"

"డాక్టరు ఆపొద్దన్నాడు కదండీ!"

"డాక్టరు మాట మీదున్న నమ్మకం నీకు దేవుడి మీద లేదు సుగుణా."

ఎంత అరిచానో! పక్క క్వార్టర్ వాళ్ళు తలుపులు వేసుకున్నారు. కానీ అరిచి లోపలికొచ్చాక ఇంకో భయం పట్టుకుంది. ఆయన చెప్పిందే నిజమైతే? నా అపనమ్మకం వల్లే జబ్బు తిరిగొస్తే? నా నోటితో నేనే నా మొగుణ్ణి చంపుకుంటున్నానా? ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు. మాత్రలు డబ్బాలోనే ఉండిపోయాయి.

వానలు పడ్డాక ఆయన మాటిమాటికీ పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళడం గమనించాను. నీళ్ళు ధారగా వదిలి అక్కడే నిలబడేవారు. ఒకరోజు ఎస్తేరు నాతో, "అమ్మా, నాన్న కుళాయిప్పి దగ్గుతన్నాడు" అంది. కూర పొయ్యి మీదే వదిలేసి పెరట్లోకి వెళ్ళాను. నిలదీస్తే, "జలుబు. ఎవరికీ చెప్పకు" అన్నారు. ఆయన కళ్ళు చూశాను. ఆయనకీ తెలుసు. సంఘమంతా చప్పట్లు కొట్టాక లేదని ఎలా చెప్పాలో తెలియక నలిగిపోతున్నారు. కోపమొచ్చింది, జాలేసింది, అన్నిటికన్నా భయమేసింది.

ఆ తర్వాత పాపకి జ్వరం వచ్చింది. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. స్నానం చేయిస్తుంటే మెడ పక్కన రేగిపండంత గడ్డ చేతికి తగిలింది. ఒళ్ళు తుడవకుండానే తువ్వాల్లో చుట్టి ఆటో ఎక్కాను. అదే డాక్టరుగారు గడ్డ తడిమి, టీబీ అంటిందేమో చూసే మాంటూ టెస్ట్ చేతికి వేయించి, నన్ను చూసి, "బాప్ దవా లే రహా హై న?" అన్నారు. తండ్రి మందు వేసుకుంటున్నాడు కదా అని. లేదని చెప్పాను. డాక్టరుగారు కుర్చీ వెనక్కి తోసి లేచారు. "ఉస్కో లే ఆఓ! ఆజ్ హీ!" ఈరోజే తీసుకురమ్మని కేకలేశారు.

ఇంటికొచ్చి చెబితే ఈయన మంచం మీద కూలబడ్డారు. "పాపకా?" అన్నారు, అంతే. హాస్పిటల్‌కి మాత్రం కదల్లేదు. "పదిమందీ చూస్తారు. దేవుడికి నా వల్ల చెడ్డపేరు" అన్నారు. ఓలమ్మో, ఇంకేం చెయ్యను?

ఆ సాయంత్రమే సంఘంలో బైబిల్ స్టడీ. చివర్లో పాస్టరు అయ్యగారు, "ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అని అడుగుతారు. కల్లు తాగేవాళ్ళ పెళ్ళికి వెళ్ళొచ్చా, ఆదివారం డ్యూటీ పడితే పాపమా, అలాంటివి అడుగుతుంటారు. ఆడవాళ్ళం ఎప్పుడూ అడగం. నేను పాపని ఎత్తుకుని లేచాను.

"అయ్యగారూ, సాక్ష్యం చెప్పిన మనిషికి జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. మాత్ర మింగితే పాపమా? మింగక బిడ్డకంటిస్తే పాపమా?"

మగవాళ్ళ వైపు కూర్చున్న ఈయన తలెత్తలేదు. పౌలన్న, "చెల్లీ, విశ్వాసంలో..." అని మొదలుపెట్టాడు. అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. ప్రభువు దగ్గరికొచ్చిన పదిమంది కుష్ఠురోగుల కథ ఎవరిచేతో చదివించారు.

"మొట్టమొదట వాళ్ళనేటి చెయ్యమన్నాడు ప్రభువు? సాక్ష్యం చెప్పమన్నాడా? ఎల్లి యాజకుడికి చూపించుకోమన్నాడు. ఆ రోజుల్లో ఒళ్ళు చూసి బాగైందా లేదా చెప్పేది యాజకుడే. దానియేలూ, నీకు ఫిట్ ఇచ్చారా?"

"లైట్ డ్యూటీకి, అయ్యగారూ."

"లైట్ డ్యూటీవోడివి షెడ్‌కెల్లి ఫుల్ ఫిట్టని సంతకం పెడతావా? మరి దేవుడి ముందెలా చెప్పీసావు? నానూ అడక్కుండా చప్పట్లు కొట్టీసాను, నా తప్పూ ఉంది. హిజ్కియా రాజుకి బతుకుతావని దేవుడు మాటిచ్చేక కూడా, ప్రవక్త అంజూరపు ముద్ద పుండు మీద కట్టించేడు. ఆ కట్టు అపనమ్మకమేటి?"

ఈయన లేచారు. నిలబడటానికి ముందున్న బెంచీ పట్టుకున్నారు. "నాకు తగ్గలేదు. మళ్ళీ నెత్తురు పడతంది. భయంగా ఉంది నాకు" అన్నారు, పెద్దగా ఏడ్చేశారు. పౌలన్నే ముందు వచ్చి ఆయన్ని పట్టుకున్నాడు.

రెండోసారి ట్రీట్‌మెంట్ ఇంకా కష్టమైంది. మందులు పెరిగాయి. మధ్యలో కళ్ళు పచ్చబడ్డాయి, జాండిస్. లివర్‌కి పడలేదని అన్నీ ఆపి, ఒక్కోటీ మళ్ళీ మొదలుపెట్టారు. ఆపిన రోజులన్నీ మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారని డాక్టరు వెంటపడ్డాను. చెవుల్లో హోరు వస్తుందంటే ఇంజక్షన్ మానేశారు, అప్పటికే ఒక చెవి మందగించింది. నడవలేని రోజుల్లో పౌలన్న సర్కండా నుంచి సైకిలు మీద వచ్చి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. పాపది ప్రైమరీ కాంప్లెక్స్, అంటే పిల్లలకొచ్చే టీబీ అన్నారు. దానికీ మాత్రలే. చేదని ఉమ్మేస్తుంటే తండ్రీ కూతుళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒకేసారి మింగేవారు.

ఇప్పుడు ఎస్తేరు కాలేజీకి వెళ్తోంది. ఈయన షెడ్‌లోనే ఉన్నారు. ఎడమ వైపు నుంచి పిలిస్తే పలకరు, నా కేకలు వినపడవని ఆయనకి సుఖమే. నేను మాత్రం ఆయన దగ్గినప్పుడల్లా ఇప్పటికీ రుమాలు లాక్కుని చూస్తాను.

చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఒంట్లో బాగుందని మందు ఆపకండి, ఆపమనాల్సింది డాక్టరు. అలాగే ఎవరికోసమైనా ప్రార్థన చేశాక "తగ్గింది కదా?" అని అడక్కండి. "ఎలా ఉంది?" అని అడగండి.

మొన్న మా ప్రార్థనలో ఒక కొత్త కోడలు లేచి, "అందరూ ప్రార్థన చేశారు. నాకింకా తగ్గలేదు" అంది, బెదురుతూ. మా ఆయనకి సరిగా వినపడక దగ్గరికి వెళ్ళి మళ్ళీ చెప్పించుకున్నారు.

"మాత్రలు ఏసుకుంతన్నావా అమ్మా?"

"వేసుకుంటున్నాను అంకుల్."

"అయితే ఏటీ పరవాలేదు. కూకో, మళ్ళీ ప్రార్థన చేద్దాం."