కందికట్టె కొలతకు వచ్చిన సైకిలు

ఆ రోజుల్లో ఏది కొనాలన్నా మనిషి బజారుకు పోయేది కాదు, మనిషి కొలత పోయేది. చెప్పులు కావాలంటే పాదం కింద చీపురుపుల్ల పెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా చూసి విరిచి, అంగడికి పోయేవాడి చేతికిచ్చేవాళ్ళం. ఇంట్లో ఆరుగురుంటే ఆరు పుల్లలు, ఏది ఎవరిదో తెలియడానికి ఒకదానికి దారం చుట్టి, ఒకదానికి పసుపు రాసి పంపేవాళ్ళం. గాజులకు పాత గాజు పోయేది, రవికెకు పాత రవికె పోయేది. అట్లా కొలతల మీద బతికిన మనుషులం కాబట్టి కొలత పంపిస్తే సైకిలు కూడా సరిగ్గా వస్తుందనుకున్నాం. కొలతకు సరిగ్గానే వచ్చింది, అందులో తప్పేమీ లేదు. నాకే సరిపోలేదు. (నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. ముసలితనంలో మనిషి కొంత కుంగుతాడంటారు గానీ, కుంగడానికి నా దగ్గర ఏముందని.)

తెలంగాణ కావాలని చదువుకునే పిల్లలు మొదటిసారి రోడ్ల మీదికొచ్చిన ఏడాది అది. మన కొలువులు మనకే కావాలని వాళ్ళ పట్టు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, పెళ్ళయి ఏడాది. మా అత్తగారి ఊరు దంతాలపల్లి దిక్కు, మానుకోటకు ఆరు కోసులు, అంటే పన్నెండు మైళ్ళ దూరం. మానుకోట దవాఖానలో ఆయా కొలువుకు ఎవరో పుణ్యాత్ముడు నా పేరు రాయిస్తే, అది జాబితాలో మొదటిదిగా వచ్చింది. ఒకటో తారీఖు పొద్దున తొమ్మిదింటికల్లా వచ్చి సంతకం పెట్టాలి, పెట్టకపోతే రెండో పేరుకు పోతుంది అని కాగితంలో ఉంది. ఆ రెండో పేరు బెజవాడ వైపు నుంచి వచ్చి మానుకోటలోనే ఉంటున్న ఒకామెది. ఆమెకు దవాఖాన ఇంటి వెనకాలే. మా ఇంట్లో అప్పటిదాకా నెల జీతం మొహం చూసినవాళ్ళు లేరు, వాన పడితే అన్నం, పడకపోతే జొన్న గట్క. అందుకని ఆ కాగితాన్ని మా అత్త దేవుడి గూట్లో పెట్టింది, నేను నెల రోజులు బలపం పట్టి నా పేరు రాయడం నేర్చుకున్నాను.

అయితే గొడవలకు బస్సులు ఒక రోజు తిరిగితే మూడు రోజులు తిరిగేవి కావు. రోజూ పోయి రావాలంటే సైకిలు తప్పదని మా ఆయన తేల్చాడు. ఆడవాళ్ళ సైకిలు తెస్తే బాగుండునని నేను నోరు తెరిచేలోపే, "గది తెస్తే ఆదివారం నాడు నేనెట్ల తొక్కుత? ఊళ్ళె తలకాయ ఎత్తుకొని తిరగాల్నా వద్దా?" అన్నాడు. మా ఆడబిడ్డను జనగామ దగ్గర తరిగొప్పులలో ఇచ్చాం. ఆమె మొగుడికి జనగామలో పాత సైకిళ్ళు బాగుచేసి అమ్మే సాయిబు తెలుసు. ఆ సాయిబు ముందే కబురు పంపాడట: చక్రాలు అన్నిటికీ ఒకటే, ఫ్రేములో ఇరవై, ఇరవై రెండు, ఇరవై నాలుగు అంగుళాలని మూడు రకాలు ఉంటాయి, తొక్కే మనిషిని తీసుకొస్తే కాలు చూసి ఇస్తానని. కొత్త కోడలిని తీసుకుపోయి, బజారులో నిలబెట్టి, సాయిబుకు కాలు చూపించడం మా ఇంట్లో అయ్యే పని కాదు. మా అత్త దొడ్లోకి పోయి ఒక కందికట్టె తెచ్చింది.

కాలు ఎక్కడ అయిపోతుందో అందరికీ తెలుసు, ఎక్కడ మొదలవుతుందనే దగ్గర పేచీ వచ్చింది. "కోడలి కాలు గీడ మొదలైతదని బజార్ల చెప్పుకుంటరా ఎవలన్న?" అని మా అత్త ఆలోచించి, చీర కట్టిన చోటు నుంచే కాలు మొదలు అని తీర్పు చెప్పింది. బొడ్డు దగ్గర నుంచి నేల దాకా కొలిచి కట్టె విరవబోయి, "పెరిగే పిల్లనాయె" అని ఇంకో రెండు వేళ్ళ మందం వదిలింది. (చెప్పులకూ అట్లాగే వదిలేది. నా చెప్పులు నాకంటే ముందు నడిచేవి.) మా ఆయన ఆ కట్టె విరగకుండా తువ్వాలలో చుట్టి, రైలెక్కి, జనగామ పోయాడు.

అక్కడ జరిగింది తర్వాత మా ఆడబిడ్డ మొగుడు చెప్పాడు. సాయిబు కట్టెను చేతిలోకి తీసుకుని, తన కాలికి ఆనించి చూసుకుని, రెండోసారి చూసి, "అరె మియా, గిది మీ ఇంటామె కాలా? నిజం చెప్పు" అన్నాడట.

"ఔ, కాలే."

"మాషా అల్లా. నలబై ఏండ్ల సంది దుకాణం నడుపుతున్న, గింత పొడుగు ఆడమనిషిని చూడలె. గంత పొడుగుంటదా?"

"పొడుగే సాయిబు."

ఎందుకట్లా అన్నావని నేను అడిగితే మా ఆయన, "గాయన గంత సంబురంగ అడిగె, కాదనబుద్ధి కాలే" అన్నాడు. అసలు సంగతి ఏమిటంటే నా ఎత్తెంతో ఆయనకు తెలియదు. బయటికి పోతే ఆయన ముందు, నేను పది అడుగుల వెనక. ఇంట్లో ఉంటే నేను పొయ్యి దగ్గర కూచునే ఉంటాను. ఇద్దరం పక్కపక్కన నిలబడింది పెళ్ళిలో ఒక్కసారే, అప్పుడూ నన్ను తలంబ్రాల కోసం గంపలో నిలబెట్టారు. సాయిబు మాత్రం తన నీతి తప్పలేదు. "ఇరవై రెండు చాలది, ఇరవై నాలుగు కొంచపో. తేడా ఉంటే వాపస్ తే, కని మనిషిని గూడ తీస్కరా" అన్నాడు. సైకిలు రైలెక్కి మానుకోటలో దిగిన మరునాటి నుంచే బంద్. దుకాణాలు మూతబడ్డాయి, వాపసు మాట అక్కడికి ఆగింది.

వాకిట్లో సైకిలు నిలబెట్టి, దాని పక్కన నన్ను నిలబెట్టారు. సీటు నా రొమ్ముల దాకా వచ్చింది. మా ఆయన సైకిలును చూశాడు, నన్ను చూశాడు. మా అత్త మా ఇద్దరి చుట్టూ ఒక తిరుగు తిరిగి, "ఏంది పిల్లా, నువ్వు పొట్టిదానివా?" అంది. పెళ్ళిచూపుల్లో నన్ను పీట మీద కూచోబెట్టి చూసి పోయిన సంగతి ఆమెకు అప్పుడు గుర్తుకొచ్చినట్టుంది.

వారం రోజుల్లో తొక్కడం నేర్చుకున్నాను. గోచి పోసి చీర కట్టేదాన్ని కాబట్టి కడ్డీ అడ్డం కాలేదు. వడ్లు దంచే రోలు ఎక్కి, అక్కడి నుంచి సీటు మీదికి పోయేదాన్ని, మా ఆయన వెనక పట్టుకునేవాడు. పెడలు పైకి వచ్చినప్పుడు అందేది, కిందికి పోతే అందేది కాదు. నడుము ఇటు జారిస్తే ఇటు పెడలు, అటు జారిస్తే అటు పెడలు. అందినంతసేపు తొక్కడం, అందనంతసేపు దేవుడికి వదిలెయ్యడం. బ్రేకు వెయ్యడం కూడా వచ్చింది. రానిదొక్కటే, బండి ఆగిన తర్వాత నిలబడడం. కాలు నేలకు అందదు కదా, ఆగిన మరుక్షణం ఏదో ఒక పక్కకు పడేదాన్ని. మా ఆయన, "ఎక్కుడు వచ్చింది గదా, దిగుడు సంగతి తర్వాత చూస్కోవచ్చు తియ్" అన్నాడు. మైలురాయి పక్కకు తీసుకుపోయి రాయి మీద కాలు పెట్టి ఆగే ఉపాయం చెప్పింది కూడా ఆయనే. మానుకోట దవాఖాన గేటు పక్కన సిమెంటు దిమ్మె ఉందని కూడా చూసి వచ్చాడు.

ఒకటో తారీఖు తెల్లారింది. వెనక కూచోబెట్టుకుని ఆయనే దింపి రావచ్చు గానీ, సైకిలు మీద కనబడిన పడుచువాణ్ణల్లా పోలీసులు వ్యానెక్కిస్తున్న రోజులవి. "ఆడిపిల్లను ఏమనరు, పో" అని రోలు మీద నుంచి నన్ను ఎక్కించి, ఊరి చివరి దాకా వెనక ఉరికి వదిలేశాడు. కాగితం రొండిన ఉంది. దారిలో రెండు మైలురాళ్ళ దగ్గర ఆగాను, బాగానే దిగాను, బాగానే ఎక్కాను. నా అంత మొనగత్తె లేదనుకున్నాను.

మానుకోట పొలిమేరలో చదువుకునే పిల్లలు యాభై మంది దాకా రోడ్డుకు అడ్డంగా కూచుని ఉన్నారు. మన కొలువులు మనకు రావాలని కూచున్నారు, నేనేమో నాకు వచ్చిన కొలువుకు పోతున్నాను. దగ్గర్లో మైలురాయి లేదు, దిమ్మె లేదు. దిగితే పడతాను, పడితే మళ్ళీ ఎక్కడానికి రోలు లేదు, సమయం తొమ్మిది కావస్తోంది.

"అక్కా, బంద్ ఉన్నది. సైకిల్ దిగు" అన్నాడొకడు.

"దిగ రాదు బిడ్డా, జర జరుగుండ్రి."

"ఎటు పోతవక్కా? ముంగట పోలీసోళ్ళున్నరు."

"ఉండనీ. నాకు పనున్నది."

ఇందులో ధైర్యం గవ్వంత కూడా లేదని చదివేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. కానీ ఆ పిల్లలకు అట్లా కనబడలేదు. అంత ఎత్తు సైకిలు మీద గోచి పోసుకున్న ఆడది, పోలీసులుంటే ఉండనీ అంటూ వస్తుంటే నడుమ దారి ఇచ్చారు. నేను దాటిపోయానో లేదో, "ఆడామె పోతాంది, మనం కూసుంటున్నమేందిరా?" అన్న మాట వెనక వినబడింది. తర్వాత చెప్పుల చప్పుడు, ఆ తర్వాత జై తెలంగాణ.

పోలీసులు వందగజాల అవతల వరసగా నిలబడ్డారు. నడుమ నిలబడ్డ మీసాల జమేదారు లాఠీ అడ్డం పెట్టి, "ఏయ్, ఆగు" అన్నాడు.

"ఆగితే పడ్త సారూ."

"పడితే పడు, ఆగు."

ఆయన మాట విని బ్రేకు పట్టేదాన్నే. కానీ అది వాలు. పెడలు అందనంతసేపు దేవుడికి వదిలేశానన్నాను కదా, ఆ రోజు దేవుడు బాగా తొక్కాడు. జమేదారు చివరి నిమిషంలో పక్కకు తప్పుకున్నాడు, ఆయన తప్పుకున్న సందులో నేను, నా వెనక యాభై మంది. అట్లా ఊరేగింపు ముందు నడుస్తూ, ఏ ఊరేగింపో తెలియకుండా, మానుకోట బజారంతా దాటి దవాఖాన చేరాను. దిమ్మె ఆయన చెప్పిన చోటే ఉంది. కాలు చాపాను. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఇంకో నినాదం లేచింది, దిమ్మె తప్పింది. గేటు లోపల తీగ మీద ఆరేసిన దుప్పట్లన్నీ నాతోపాటు కింద పడ్డాయి.

దుప్పట్లలో నుంచి తల బయటికి తీసేసరికి పెద్ద డాక్టరమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. కోస్తా వైపు మనిషి, నిదానంగా మాట్లాడుతుంది. "ఏమ్మా, ఉద్యోగానికొచ్చావా, వార్డులో చేరడానికొచ్చావా?" అంది. నేను కాగితం తీసి చూపించాను. ఆమె కాగితం చూసి, గేటు బయట అరుస్తున్న పిల్లల్ని చూసి, మొహం ముడుచుకుంది. వరండాలో బెంచీ మీద ఒకామె చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది. రెండో పేరు ఆమెదేనని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"వీళ్ళందరినీ నువ్వే తీసుకొచ్చావా? గొడవలు చేసేవాళ్ళను ఇక్కడ పెట్టుకోలేనమ్మా."

"నేను తేలేదమ్మా. నేను పోతుంటె ఆళ్ళే ఎనక వడ్డరు."

"దారిలో పోలీసులు ఆపలేదా? ఆపితే ఎందుకు ఆగలేదు?"

అప్పటిదాకా బింకంగానే ఉన్నాను గానీ ఆ మాటకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కందికట్టె నుంచి మొదలుపెట్టి రోలు దాకా, మైలురాళ్ళ దాకా అన్నీ చెప్పాను. ఆమె మెట్లు దిగి, పడి ఉన్న సైకిలు లేపించి, దాని పక్కన నన్ను నిలబడమంది. చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బెంచీ మీద ఆమె కూడా నవ్వింది పాపం, ఉద్యోగం పోతోందని తెలిసి కూడా. "తొమ్మిదికి ఇంకా మూడు నిమిషాలుంది, రా, సంతకం పెట్టు" అని డాక్టరమ్మ లోపలికి నడిచింది. నెల రోజులు నేర్చుకున్న పేరు రాయడానికి కుడిచెయ్యి రాలేదు, మణికట్టు బెణికింది. వేలిముద్రే వేశాను. కొలువులో నా మొదటి పని, నేను పడేసిన దుప్పట్లు మళ్ళీ ఉతకడం.

నాలుగు రోజుల తర్వాత జమేదారు దవాఖానకు వచ్చాడు. నేను వరండా ఊడుస్తున్నాను. "సైకిల్ మీద వచ్చిన ఆరడుగుల ఆడమనిషి గీడ ఎవలన్న ఉన్నరా?" అని నన్నే అడిగాడు.

"ఆరడుగుల ఆడిది మా దిక్కే లేదు సారు" అన్నాను. చీపురుతో సహా నిలబడితే ఆయన గుండెల దాకా వచ్చాను. నా తల మీదుగా లోపలికి తొంగి చూసి వెళ్ళిపోయాడు.

దుకాణాలు తెరిచాక మా ఆయన నన్ను జనగామ తీసుకుపోయాడు. సాయిబు నా వెనక ఇంకా ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. ఎవరూ రాలేదు. కందికట్టెను ఇంకా గోడకు ఆనించే ఉంచాడు, వచ్చినవాళ్ళందరికీ చూపించుకున్నాడట. "బేటీ, గీ కట్టె ఎవలిది?" అన్నాడు. మా ఆయన చూరు పెంకులు లెక్కపెడుతున్నాడు. సాయిబు నవ్వి, ఇరవై అంగుళాల ఫ్రేము తెచ్చి, కడ్డీకి రెండు పక్కలా కాళ్ళు వేయించి నన్ను నిలబెట్టి, రెండు పాదాలూ నేలకు ఆనాయని చూసుకుని ఇచ్చాడు. దుకాణం నుంచి స్టేషను దాకా చెరో సైకిలు పట్టుకుని పక్కపక్కనే నడిచాం. (పెద్దది మా ఆయన వాపసు ఇవ్వలేదు, ఆయనకు సరిగ్గా సరిపోయింది మరి.) ఆ చిన్న సైకిలు మీద ముప్పై ఏళ్ళకు పైగా కొలువు చేశాను. ఎవరు ఆగమన్నా ఆగాను. ఎవరూ మళ్ళీ నాకు దారి ఇవ్వలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాది మా ఊరి బడిలో సభ పెట్టి, లాఠీలకు జంకకుండా ముందుకు దూకిన ఆడబిడ్డ అని నాకు శాలువా కప్పారు. అప్పుడు రోడ్డు మీద కూచున్న పిల్లల్లో ఒకడు, తలంతా నెరిసినవాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుని మాట్లాడాడు. అసలు సంగతి చెబుదామని లేచాను, అతని మొహం చూసి కూచున్నాను. ఇంటికి వచ్చాక మా ఆయన శాలువా మడత విప్పి చూసి, "నేను పెద్ద ఫ్రేము తేకపోతే గిది వచ్చేదా నీకు?" అన్నాడు. తప్పు చేసి అంత గర్వపడ్డ మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆ మాట అన్న రెండేళ్ళకు పోయాడు.

మొన్న మనుమరాలు భూపాలపల్లి నుంచి సన్న చక్రాల సైకిలు తెచ్చుకుంది. కొనేముందు టేపు పెట్టి కాలు లోపలి పక్క నుంచి కొలుచుకుందట, ఎవరూ సిగ్గుపడలేదు. కడ్డీకి రెండు పక్కలా కాళ్ళు వేసి నిలబడితే రెండు పాదాలూ చక్కగా నేల మీద ఉన్నాయి, ఎంత బాగుందో. ఆయన పెద్ద సైకిలు ఇంకా మా వెనక అర్రలోనే ఉంది, రోలు కూడా వాకిట్లో ఉంది. ఒక్కసారి ఎక్కి చూద్దామా అనిపిస్తుంది అప్పుడప్పుడు. వెనక పట్టుకునే మనిషి లేడు గానీ, దిగుడు సంగతి తర్వాత చూసుకోవచ్చు.