దావులూరి ముడి

వన్‌టౌన్‌లో మూటలు కట్టేవాళ్లకు దావులూరి అంటే ముడి. "ఈ బేలుకి రెండు దావులూర్లు ఎయ్యి" అంటారు. లారీ ఆఫీసులో అదే మాటకు మొండిమనిషి అని అర్థం. మాకు మాత్రం అది ఇంటిపేరు. ఆ ముడి మా అన్నయ్య దత్తాత్రేయ కనిపెట్టింది. బట్టల హోల్‌సేల్ కొట్టులో ముప్పై ఏళ్లు పార్సిళ్లు కట్టాడు.

ఓసారి కొండపల్లిలో బొమ్మల కొట్టావిడ అట్టపెట్టె కట్టి, "దావులూరి వేశానండీ, ఊడదు" అంది. పక్కనున్న రిటైర్డు లెక్చరరుగారు, ఆ మాట బందరు రేవులో దిగిన డచ్చివాళ్లదని నాకు పావుగంట బోధించారు. నా పేరు ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంటికొచ్చి చెబితే అన్నయ్య పడీపడీ నవ్వాడు.

"పోన్లేరా, డచ్చివాళ్లన్నా విప్పేవాళ్లేమో!"

అన్నయ్య బాధంతా అదే. విప్పడం తేలికని, తాడు కొయ్యొద్దని అందరికీ మొత్తుకునేవాడు. ఎవరూ వినలేదు. హమాలీ కరిముల్లా అయితే మొలలో చాకు పెట్టుకునే తిరిగేవాడు. "మీ ముడికి మందు ఇదేనండీ" అనేవాడు. తెగిన ముక్కలన్నీ అన్నయ్య ఇంటికి ఏరుకొచ్చేవాడు. శాంభవి వదిన వాటిని అతికి దండెం కట్టింది.

మొన్న శ్రావణంలో అన్నయ్య పోయాడు. కరిముల్లా తన జట్టుతో వచ్చి, "మా గురువుగారండీ, పాడె మేమే కడతాం" అన్నాడు. ప్రేమకొద్దీ ఎనిమిది దావులూర్లు వేశారు.

శ్మశానంలో దింపాక తాళ్లు విప్పాలి. ఒక్కటీ రాలేదు.

"పొద్దుగూకుతోందండీ, కోసెయ్యండి" అన్నారు పురోహితులు.

కరిముల్లా చాకు తీశాడు. "ఈ ఒక్కరోజూ నావల్ల కాదండీ" అని నా చేతిలో పెట్టాడు.

నాకు మూడో తరగతి గుర్తొచ్చింది. అన్నయ్య నా అన్నం క్యారియర్‌కి ఆ ముడి వేసి పంపితే, విప్పలేక ఆకలితో ఏడుస్తూ ఇంటికొచ్చాను. "లాగుతావేంట్రా సన్నాసీ? కొసని లోపలికి తొయ్యి" అన్నాడు.

చాకు పక్కన పెట్టి, పాడె తాడు కొసని లోపలికి తోశాను. ముడి మెత్తగా వీడిపోయింది. రెండోదీ అంతే. ఎనిమిదోది వీడేసరికి కరిముల్లా నెత్తి కొట్టుకున్నాడు.

"ఇంతేనా! ముప్పై ఏళ్ల నుంచీ చెబుతానే ఉన్నారు గదండీ!" అని ఏడుస్తూ నవ్వాడు.

ఆ తాళ్లు ఇంటికి తేకూడదన్నారు. చుట్టలు చుట్టి అన్నయ్య పక్కనే పెట్టాం. ఒక్కదానికీ కోత లేదు.