డాక్టరమ్మ ఇచ్చిన జవాబు

పురానాపూల్‌ల మా మేడ మీద కిరాయికుండె డాక్టర్ హైమవతి. గుంటూరు దిక్కు పిల్ల. క్యాన్సర్ దవాఖానకు కొత్తగ వచ్చే డాక్టర్లకు పని నేర్పేది. పనంటే సూది, కత్తి గాదు, ముసలోళ్లతోని ఎట్ల మాట్లాడాల్నో గది. నిలబడి చెప్పొద్దు, పక్కన కూసోవాలె. పెండ్లానికో కొడుక్కో గుసగుస చెప్పుడు గాదు, ముందుగాల రోగికే చెప్పాలె. చెప్పినంక, "ఇంటికి పోయి ఏమని చెప్తరు?" అని అడగాలె. ఆ పోరలు చాటుకు నవ్వుకునేటోళ్లంట. నవ్వనీ, వాళ్లకేమెరుక.

ఆమె పుట్టుకతోనే గంత బుద్ధిమంతురాలేం గాదు. పంతొమ్మిది వందల డెబ్బై మూడుల వచ్చిన కొత్తల ఎప్పుడూ ఉరుకుడే, మాట్లాడితే పుస్తకం చదివినట్టే. "జర మెల్లగ చెప్పు తల్లీ, మాకు తెల్వద్దా?" అని నేనే ఎన్నోసార్లు అన్న. "అలాగేనండీ" అనేది, మళ్ల గదే వరుస.

గప్పుడు మా గల్లీల ఎల్లప్ప అని హమాలీ ఉండె. అరవై దాటినా బస్తాలు మోసేటోడు. గొంతుల గడ్డయితే పెండ్లాం బుచ్చమ్మ దవాఖానకు తోల్కపోయింది. పరీక్షలన్నీ అయినంక హైమవతి ఎల్లప్పను లోపట్నే కూసోబెట్టి, బుచ్చమ్మను వరండాలకు పిలిచి చెప్పింది: "పెద్ద డాక్టరుగారితో మాట్లాడి మీకు జవాబిస్తాం. ప్రస్తుతానికి ఇంటికి తీసుకెళ్లండి."

గా మాటతోనే కొంప మునిగింది. ఆమె గుంటూరు దిక్కు జవాబంటే ఉత్త సమాధానమే. మా పాతబస్తీల డాక్టర్ జవాబిచ్చిండంటే, నాతోని గాదు, ఇగ దేవుడే దిక్కు అని. ఉర్దూల గట్లనే అంటరు, మేమూ గట్లనే అంటం. బుచ్చమ్మ కండ్లు తుడుసుకోని, "ఉత్త జలుబు గడ్డనంట, అదే తగ్గుతదంట" అని మొగనికి అబద్ధం చెప్పి ఇంటికి తెచ్చుకుంది. ఎవ్వరి ముంగట నోరిప్పలే.

బోనాలు పోయినయ్, దసరా వచ్చింది. "ఎల్లప్ప ఇల్లెక్కడండీ? వైద్యానికి అన్నీ సిద్ధం చేశాం, మనిషే రావట్లేదు" అని హైమవతి అడిగితే నేనే తోల్కపోయిన.

బుచ్చమ్మ గడప కాడ్నే ఆపింది. "నువ్వే జవాబిస్తివి గదమ్మా, మళ్లెందుకొచ్చినవ్?"

హైమవతికి సమజ్ గాలే. నేను ఇడమర్చి చెప్పిన. ఆ పిల్ల మొఖం చూడలేకపోయిన. నాకు కోపమూ వచ్చె, ఏడుపూ వచ్చె. ఎవర్ని తిట్టాలె? కరెంటు, అదే రేడియేషన్, పెడితే కరిగిపోయే గడ్డంట అది. ఒక్క పాడు మాటకు మనిషి పానం మీదికొచ్చె.

లోపట ఎల్లప్ప మంచంల ఉన్నడు, గంజి గూడ దిగుతలేదు. ఇగ చేసేదేం లేదని ఆమెకు చూడంగనే తెలిసింది. మంచం పక్కన నేల మీదనే కూసోని, రోగమేందో, అప్పుడైతే ఏం చేస్తుండెనో, మాట యాడ తప్పిందో, మా మాటల్లనే తడుముకుంట అంతా చెప్పింది.

"మస్తు మంచిగ చెప్పినవ్ బిడ్డా," అన్నడు గొంతు పెగుల్చుకోని. "గీ ముచ్చట గా దినం నాకే చెప్తే, నేను నడుసుకుంట వస్తుంటి."