లచ్చవ్వ కాలు, చర్చి పిల్లల వేడినీళ్లు

1978 ఎండాకాలం. మొగుళ్లపల్లి ప్రాంతంలో కుష్ఠు రోగుల పుండ్లకు కట్లు కట్టే నర్సును నేను. లచ్చవ్వ అనే ముసలామె అరికాల్లో ఉన్న పుండును ‘ప్లాంటర్ అల్సర్’ అంటాం. స్పర్శ పోయిన పాదానికి నొప్పి తెలియదు కాబట్టి పుండు లోలోపలికి తొలుచుకుంటూ పోతుంది. ఎముకకు పాకితే కాలు తీసేయాల్సిందే. ఊరి చివర ఒంటరిగా బతికే మనిషికి ఆ కాలే దిక్కు. అప్పటికి ఏడాదిపాటు తిరిగి తిరిగి ఆ పుండును ఒక దారికి తెచ్చాను.

అప్పుడు దిగారు చర్చి యూత్. ఆదివారం ఆరాధన కాగానే డోలక్‌తో వచ్చి, రోగుల కట్లు విప్పి కాళ్లు కడిగి, మళ్లీ కట్టి, పాట పాడి, ప్రార్థన చేసి వెళ్లేవారు. వాళ్లలో సుగుణ అనే అమ్మాయి లచ్చవ్వ పాదాన్ని ఒళ్లో పెట్టుకునేది. నా దగ్గర నోరు విప్పని ముసలామె ఆ పిల్లకు చనిపోయిన కొడుకు ముచ్చట్లన్నీ చెప్పింది. నాకు కడుపు మండిపోయింది. చీము తుడిచేది నేను, ముద్దుల బిడ్డ మాత్రం సుగుణ.

ఒక సోమవారం కట్టు విప్పితే పాదం నిండా బొబ్బలు.

"ఏమైంది అవ్వా?"

"ఏం గాలె."

"నిన్న నీళ్లు మస్తు కాగినయా?"

"నాకు సల్లగనే తాకినయి. ఇంక జర ఏడియి పొయ్యమన్న. గా పిల్లనేమనకు."

నిజం చెబుతున్నాను, నాకు లోపల సంతోషమే వేసింది. డాక్టరుగారితో ఒక్క మాట అంటే యూత్ రాక బంద్. లచ్చవ్వ నా మొహం చూసి కనిపెట్టేసింది.

"ఆ పిల్లను రావద్దంటె నువ్వు గూడ రాకు. కాలు పోతె పోనీ."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. కాలు దక్కాలంటే సుగుణను నేనే తయారు చేసుకోవాలి. మరుసటి ఆదివారం వెళ్లి ఆ పిల్లకు బొబ్బలు చూపించాను.

"పెద్దోళ్ల కాళ్లకు ఏడినీళ్లిచ్చుడే మర్యాద అనుకున్న అక్కా," అని కళ్లనీళ్లు పెట్టుకుంది సుగుణ.

"అవ్వ కాలుకు ఏడి తెల్వది. ఆమె అడిగినా పొయ్యకు. ముందు నీ మోచెయ్యి ముంచి చూడు."

ఆ తర్వాత ఆ పిల్ల ఏనాడూ పొరపాటు చేయలేదు. వానలు ముదిరేసరికి పుండు మానింది. సుగుణ ప్రార్థనతోనే తగ్గిందని లచ్చవ్వ ఊరంతా చెప్పింది. నా కట్ల ఊసే లేదు.

రోగికి కట్టు ఒక్కటే చాలదని ఆ కేసుతో తెలిసింది. అప్పటినుంచి పని కాగానే లేచిపోకుండా కాసేపు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. మొదటిసారి అలా లచ్చవ్వ పక్కన కూర్చున్నప్పుడు ఆమె నా చేయి పట్టుకుంది. ఏదో చెబుతుందని ఆశగా వంగాను.

"బిడ్డా, సుగుణ ఈ వారం వస్తదా?" అంది.