మూడో గ్లాసులో గంజి

సోలాపూర్ కుంఠా నాకాలో ఒక కల్లు హోటలుండేది. వచ్చిన ప్రతి కుండనూ వాసన చూసి, ఏది పోయాలో, ఏది పారబోయాలో, దేనికి ఏ కూర రుచో చెప్పడం అక్కడ రాజయ్య తాత ఉద్యోగం. ఎనభైల చివర్లో బాబాల మహిమలను సవాలు చేస్తూ సభల్లో వాదించే నాకు అదీ ఒక మాయే అనిపించింది. తాతను కళ్లకు గంతలు కట్టి పరీక్షిద్దామని యజమానితో పందెం కాశాను.

"శర్త్ అంటె శర్త్. తప్పితె రేపటి సంది పనికి రావద్దు తాతా," అన్నాడు యజమాని.

"కట్టుండ్రి, నాకేంది భయం?" అన్నాడు తాత.

మొదటి గ్లాసు వాసన చూసి "పొద్దుగాలది" అన్నాడు. రెండోది "నిన్నటిది, పారబొయ్యి" అన్నాడు. రెండూ నిజమే. మూడో గ్లాసులో నేను మా మరమగ్గాల కార్ఖానాలో పడుగు నూలుకు పట్టించే గంజినీళ్లు తెచ్చి పోశాను. తెల్లగా, పులిసి, అచ్చం కల్లులాగే ఉంటాయవి. మెచ్చుకుంటూ తాగేస్తాడని ఎదురుచూశాను.

తాత గ్లాసును పెదవుల దాకా తెచ్చి, వాసన పసిగట్టి ఆపేశాడు.

"ఇది కల్లు గాదురా, కార్ఖానా గంజి! బూజు పట్టకుండ దీంట్ల మైలుతుత్తం కలుపుతరు. విషమది. ఇరవై ఏండ్లు నేనే కలిపిన. తాగుంటె సచ్చేటోణ్ణి గదరా!"

ప్రతిదానికీ రుజువు అడిగే నేను, ఆ గంజిలో ఏముందని ఎవరినీ అడగలేదు. అక్కడే అందరి ముందూ తాతకు క్షమాపణ చెప్పాను. తరువాతి సభలో నేనే లేచి ఈ సంగతంతా చెప్పాను. పరీక్షలు పెట్టడం మానలేదు, మానను. కానీ నేను తాగలేని గ్లాసును మరొకరి చేతికి ఇవ్వను.